నాలుగో తరగతికి ఉపమ, రూపకం, జాతీయం ఎలా చెప్పాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఈ ఏడాదే బడిలో చేరి నాలుగో తరగతికి తెలుగు చెబుతున్నారు. "రమణీయమైన పోలిక చెప్పడం ఉపమాలంకారం" అన్న నిర్వచనాన్ని పిల్లలు తడుముకోకుండా అప్పజెబుతున్నారు. పుస్తకంలో లేని వాక్యం ఇస్తే మాత్రం దిక్కులు చూస్తున్నారు. "నీళ్ళు నమలడం" అనే జాతీయాన్ని, అంటే విడి మాటల అర్థం ఒకటి, వాడుకలో అర్థం ఇంకొకటి అయిన పలుకుబడిని, సొంతవాక్యంలో రాయమంటే ఒక పిల్లవాడు "రాము దాహం వేసి నీళ్ళు నమిలాడు" అని రాశాడు. ఎక్కడ తప్పు చేస్తున్నానని అడిగారు.

వరస తిరగబడింది, అంతే. పేరు ముందొచ్చింది, వస్తువు ఇంకా రాలేదు. నేను 26 ఏళ్ళు ప్రాథమిక పాఠశాలల్లో చెప్పాను. మొదటి ఐదారేళ్ళు నేనూ బోర్డు మీద నిర్వచనం రాసి, కింద ఒక ఉదాహరణ రాసి, "చూసి రాసుకోండి" అనేదాన్ని. పరీక్షలో మార్కులు వచ్చేవి. ఆ పిల్లలే ఐదో తరగతికి వచ్చి పద్యం చదివితే అందులో పోలిక ఉందన్న సంగతే వాళ్ళకి తట్టేది కాదు. అప్పటి నుంచి పేరు చివర చెప్పడం అలవాటు చేసుకున్నాను. పోలిక పిల్లల చేతికి దొరకాలి, దాంతో వాళ్ళు కాసేపు ఆడుకోవాలి, ఆ తర్వాత "దీన్ని ఉపమ అంటారు" అంటే చాలు. పేరు ఒక్కరోజులో వచ్చేస్తుంది.

పిల్లలకి ఇదంతా కొత్త అనుకోకండి. ఒకసారి మూడో తరగతిలో "మీ అమ్మ మిమ్మల్ని ముద్దుగా ఏమని పిలుస్తుంది?" అని అడిగాను. బంగారం, బుజ్జికొండ, చిట్టితల్లి, చిలక, కన్న... బోర్డు నిండిపోయింది. "బంగారం" అన్న పిల్లని లేపి "మీ అమ్మ నిన్ను బంగారం అంటుంది కదా, మరి నిన్ను కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి తూకం వేయిస్తుందా?" అన్నాను. అందరూ నవ్వారు. "మరి ఎందుకంటుంది? ఇనుమూ గట్టిదే కదా, 'నా ఇనుమా' అనొచ్చుగా?" అన్నాను. ఆ పిల్ల కాస్త ఆలోచించి "బంగారాన్ని బీరువాలో దాచుకుంటాం టీచర్, ఎవరికీ ఇవ్వం" అంది. "లా" అనకుండా ఒకదాన్ని ఇంకోటే అనేయడం రూపకం. అదేమిటో ఆ పిల్ల చెప్పేసింది. ఆ రోజు నేను రూపకం అనే మాట ఎత్తనే లేదు.

నేను ఏ తరగతిలోనైనా ఇవే ప్రశ్నలు వేస్తాను. ఇది నిజంగా అలాగే జరుగుతుందా? దేన్ని చూసి దేన్ని తలుచుకున్నారు? ఏ సంగతిలో ఆ రెండూ ఒకటి? చివరగా, ఏ సంగతుల్లో ఒకటి కావు? ఈ ఆఖరిదాన్ని చాలామంది వదిలేస్తారు. వదలకండి. "మా తమ్ముడు ఉడతలా చకచకా చెట్టెక్కాడు" అన్నప్పుడు, తమ్ముడికి తోక లేదు, వీపు మీద చారల్లేవు, గింజలు కొరకడు అని పిల్లలు తామే చెబితే, మిగిలిన ఆ ఒక్క సంగతి, చకచకా చెట్టెక్కడం, మెరుస్తూ కనిపిస్తుంది. పెద్ద తరగతుల్లో సమానధర్మం అనేది దాన్నే. తమ్ముడు ఉపమేయం, ఉడత ఉపమానం, "లా" ఉపమావాచకం. ఈ నాలుగు పేర్లూ నాలుగో తరగతికి నోటికి రావాల్సిన పని లేదు. నాలుగు ముక్కలు ఉన్నాయని తెలిస్తే చాలు. "మా తమ్ముడు ఉడతలాంటివాడు" అని ఒక ముక్క తీసేసి చూపించండి. చురుకా? చిన్నగా ఉంటాడా? ఏదో ఒకటి కొరుకుతూ ఉంటాడా? ఒక్కొక్కరు ఒక్కోటి ఊహిస్తారు. ఆ ఊహించడమే చదవడం.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. "లా", "లాగా", "వలె" కనిపిస్తే ఉపమ అని చెప్పామనుకోండి, పిల్లలు ప్రతి "లా" కిందా గీత గీసేస్తారు. "వాన వచ్చేలా ఉంది." ఇందులో పోలిక ఏదీ? వాన వస్తుందేమో అనిపిస్తోంది, అంతే. "నాలా రాయి" అంటే నేను రాసిన పద్ధతిలో రాయమని. "అక్క అచ్చం అమ్మలా ఉంది" అన్నది పోలికే, కానీ అలంకారం కాదు. అక్కా మనిషే, అమ్మా మనిషే, ముక్కూ కళ్ళూ నిజంగానే కలిశాయి. "అక్క వెన్నెలలా నవ్వింది" అంటే అది వేరే సంగతి. వేరే జాతి వస్తువుని పక్కన పెట్టి, ఒక్క గుణంలో కలిపి, వినేవాడికి సంతోషం కలిగించాలి. నిర్వచనంలో "రమణీయమైన" అన్న మాట అందుకే ఉంది. పిల్లలు దాన్ని బట్టీపట్టి దాటేస్తారు, మనమూ దాటేస్తాం. ఇలాంటి వాక్యాలు ఒక పది కలిపి ఇచ్చి ఏవి ఉపమలో ఏవి కావో తేల్చుకోమనండి. తరగతిలో వాదన లేస్తుంది. లేవనివ్వండి.

మీరు తెలంగాణలో పనిచేస్తున్నారో ఆంధ్రలో పనిచేస్తున్నారో రాయలేదు. తెలంగాణ పిల్లలు "చందమామ లెక్క ఉన్నది" అంటారు. అదీ ఉపమావాచకమే. దయచేసి దాన్ని కొట్టేసి "వలె" అని దిద్దకండి. ముందు ఆ పిల్లల నోట ఉన్న మాటతోనే పోలిక పట్టుకోనివ్వండి. పుస్తకంలో "వలె" అని వస్తుంది, అర్థం అదే అని పక్కన చెబితే సరిపోతుంది.

ఉపమానం ఎంచుకునేటప్పుడు పిల్లలు చూసిన వస్తువునే ఎంచుకోండి. మా ఊరి పిల్లలకి తామరాకు మీద నీటిబొట్టు తెలుసు, ఊరి చెరువు నిండా తామరలే. పట్నంలో ఫ్లాట్లలో పెరిగే పిల్లలకీ, అమెరికాలో ఆదివారాలు తెలుగు నేర్చుకునే పిల్లలకీ అది మాటల మూట మాత్రమే. "కలువల్లాంటి కళ్ళు" అనే ముందు కలువని చూపించాలి, కనీసం బొమ్మలోనైనా. వస్తువే తెలియనప్పుడు పోలిక ఎలా అందుతుంది? పట్నం పిల్లలతో లిఫ్ట్, ట్రాఫిక్, ఫోన్ చార్జింగ్ పెట్టుకుని పోలికలు చెప్పించండి. "ఆదివారం నిద్రపోతే నాకు చార్జింగ్ ఎక్కినట్టుంటుంది" అని పిల్లవాడు చెబితే అది చక్కటి పోలిక. పద్యంలో లేదని తీసిపారేయొద్దు.

రూపకం దగ్గర టీచర్లందరికీ ఇబ్బందే. "ఉపమేయానికి ఉపమానానికి అభేదం" అంటే ఆ వయసుకి ఏం అర్థమవుతుంది? నాకు దారి చూపించింది పొడుపు కథ. "చిటారు కొమ్మన మిఠాయి పొట్లం." ఏమిటది? తేనెపట్టు. చూడండి, పొడుపు కథ ఉపమేయాన్ని దాచిపెట్టి ఉపమానాన్ని మాత్రమే బయట పెట్టింది. (ఆలంకారికులు ఇలా ఉపమేయాన్ని మింగేసి చెప్పడాన్ని అతిశయోక్తిలో ఒక రకంగా, రూపకాతిశయోక్తి అని లెక్కపెడతారు. అది పిల్లలకి అక్కర్లేదు, మీకు తెలిసి ఉంటే మంచిది.) విప్పాక ఆ జవాబుని వెనక్కి తెచ్చి పక్కన పెట్టమనండి: "తేనెపట్టు చిటారు కొమ్మన ఉన్న మిఠాయి పొట్లం." ఇది రూపకం. ఇప్పుడు "లా" చేర్చి, ఎందులో పోలికో కూడా చెప్పమనండి: "తేనెపట్టు మిఠాయి పొట్లంలా తియ్యటి సరుకు దాచుకుంది." ఇది ఉపమ. ఒకే పోలిక మూడు మెట్లు దిగింది. మొదటి మెట్టు మీద ఊహించాలి, రెండో మెట్టు మీద నమ్మాలి, మూడో మెట్టు మీద అన్నీ విప్పి చెప్పేశారు. రెండు పీరియడ్లు దీనికే ఇవ్వండి, వృథా కాదు.

నాకు చాలా ఇష్టమైన పొడుపు ఇంకోటి ఉంది. "తెల్లటి పొలంలో నల్లటి విత్తులు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు." కాగితం, అక్షరాలు, రాయడం, చదవడం. ఇందులో ఒక పోలిక కాదు, నాలుగున్నాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. కాగితం పొలం అయ్యాక అక్షరం విత్తనమే కావాలి, రాయి కాకూడదు. బోర్డు మీద ఎడమవైపు పొలం, విత్తులు, చల్లడం, ఏరడం రాసి, కుడివైపు ఖాళీ వదిలి పిల్లల్ని పిలవండి. ఒక ఏడాది ఒక పిల్లవాడు వచ్చి కుడివైపు నింపి, కింద ఐదో వరస తానే చేర్చాడు. ఎడమవైపు "కలుపు మొక్కలు" అని రాసి, కుడివైపు "అచ్చు తప్పులు" అని రాశాడు. నేను చాక్‌పీస్ వాడికే ఇచ్చేసి పక్కన నిలబడ్డాను.

ఆ తర్వాత పద్యానికి వెళ్ళండి. సుమతీ శతకంలో "తన కోపమె తన శత్రువు" పద్యం పిల్లలకి ఎలాగూ వచ్చు. కోపం శత్రువు, శాంతం రక్ష, దయ చుట్టం, సంతోషం స్వర్గం, దుఃఖం నరకం. నాలుగు పాదాల్లో ఐదు. "లా" ఒక్కటీ లేదు. "దయ చుట్టం ఎలా అవుతుంది? పండక్కి మన ఇంటికి వస్తుందా?" అని అడిగి చూడండి. కష్టమొస్తే పరుగెత్తుకొచ్చేది చుట్టమే కదా అన్న జవాబు వాళ్ళ నుంచే రావాలి. కాస్త ఆలస్యమైనా సరే, మీరు అందించొద్దు.

అతిశయోక్తిని పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. వాళ్ళు రోజంతా మాట్లాడేది అదే. "వందసార్లు చెప్పాను", "ఆకలితో ప్రాణం పోతోంది", "ఏనుగంత దోమ కుట్టింది." కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి ఎలాగూ కథల్లో వినే ఉంటారు. ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది: "టీచర్, ఇది అబద్ధం కాదా?" మంచి ప్రశ్న, దాటవేయకండి. అబద్ధం చెప్పేవాడు మనం నమ్మాలని చెబుతాడు. ఏనుగంత దోమ అన్నవాడికి మనం నమ్మమని తెలుసు, మనకీ అది నిజం కాదని తెలుసు. ఎంత గట్టిగా కుట్టిందో చెప్పడానికే అలా అన్నాడు. హోంవర్క్ చేయకుండా "చేశాను" అంటే అది అతిశయోక్తి కిందికి రాదని కూడా అప్పుడే తేల్చేయండి.

మానవీకరణ సంగతి. మనిషి కానిదానికి మనిషి పనులు, మనిషి మనసు అంటగట్టడం. ఈ పేరుతో మన పాత అలంకారాల పట్టికలో వెతక్కండి, దానికి దగ్గరగా ఉండేది సమాసోక్తి, అంటే ఒకదాన్ని వర్ణిస్తూ ఇంకొకటి స్ఫురించేలా చేయడం. చిన్న పిల్లలకి ఇది ఊపిరితో సమానం, చందమామని మామా అని పిలిచే భాష మనది. ఇక్కడ తెలుగులో ఒక మెలిక ఉంది. సూర్యుడు, చంద్రుడు మనకి మహద్వాచకాలు. "సూర్యుడు ఉదయించాడు" అని మగవాళ్ళకి వాడే క్రియే వాడతాం. అది వ్యాకరణం, అక్కడ కవి చేసింది ఏమీ లేదు. "సూర్యుడు మబ్బు దుప్పటి ముసుగుతన్ని లేవనని మారాం చేశాడు" అంటే అప్పుడు మానవీకరణ. ఈ తేడా చెప్పకపోతే పిల్లలు సైన్సు పాఠంలో కూడా అలంకారాలు వెతుకుతారు.

ధ్వని పదాలు ఒక్క పీరియడ్‌లో అయిపోతాయి: గలగల, టపటప, చిటపట, గణగణ. కాకపోతే తళతళ, మిలమిల, ధగధగ, ఘుమఘుమ కూడా వాటిలో కలిపేస్తారు. "తళతళ అని ఎప్పుడైనా చెవికి వినబడిందా?" అని అడగండి. గిన్నె తోమి ఎండలో పెట్టి చూపించండి. చెవి మాటలు, కంటి మాటలు, ముక్కు మాటలు అని మూడు గుంపులు చేయిస్తే వాళ్ళకి ఎంతో ఇష్టం. ఒకే అక్షరం మళ్ళీ మళ్ళీ వచ్చే అనుప్రాసకి నాలుక తిరగని మాటలు చాలు. ఒక్క జాగ్రత్త: సినిమా పాటల వల్ల చరణం చివర ఒకేలా వినబడటాన్నే అందరం "ప్రాస" అంటున్నాం. పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం కలవడం. చివర కలిసేది అంత్యానుప్రాస. ఇప్పుడు సరిగ్గా చెబితే హైస్కూల్లో ఛందస్సు దగ్గర తడబడరు.

ఇప్పుడు మీ నీళ్ళు నమిలిన రాము దగ్గరికి వద్దాం. నేను చేసేది ఇది. మధ్యాహ్నం భోజనాల తర్వాత నలుగురిని ముందుకు పిలిచి, ఒక్కో గుక్క నీళ్ళు నోట్లో పోసుకుని మింగకుండా నమలమంటాను. దవడలు ఆడుతుంటాయి, నోట్లో ఏదీ నలగదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. అలా నములుతూ ఉండగానే "నిన్న హోంవర్క్ ఎందుకు చేయలేదు?" అని గట్టిగా అడుగుతాను. నలుగురూ నోరు మూసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని నా వంక చూస్తారు. మిగతా తరగతికి "ఇదిగో, ఇదే నీళ్ళు నమలడం" అంటాను. జవాబు చెప్పలేక నోరు మెదుపుతూ నిలబడిపోవడం. ఆ జాతీయం పుట్టుక ఇదేనని నేను చెప్పను, కానీ అర్థం ఇంతకంటే బాగా ఎక్కే మార్గం నాకు కనబడలేదు. సొంతవాక్యం రాయించే ముందు జాతీయాన్ని సన్నివేశంగా ఆడించండి. "రాము నీళ్ళు నమిలాడు" అని ఆపకుండా, ఎవరు ఏమడిగితే, ఎందుకు అన్నవి కూడా వాక్యంలో రావాలని నియమం పెట్టండి. "పగిలిన కిటికీ అద్దం చూపించి నాన్న అడిగితే రాము నీళ్ళు నమిలాడు." దాహం గొడవ అక్కడితో తీరిపోతుంది.

అన్ని జాతీయాలూ ఇలా విప్పుకోవు. కాలికి బుద్ధి చెప్పడం, కడుపులో ఎలుకలు పరుగెత్తడం, అగ్గిమీద గుగ్గిలం, వీటిని చూపించవచ్చు, బొమ్మ వేయించవచ్చు. "నక్కతోక తొక్కాడు" అంటే అదృష్టం ఎందుకైంది? ఇలాంటివి మొత్తంగా ఒకే మాటలా నేర్పేయండి. పిల్లలు అడిగారని అప్పటికప్పుడు కథ కల్పించి చెప్పొద్దు. వాళ్ళు దాన్ని జీవితాంతం నిజమనే మోసుకెళ్తారు.

జాతీయానికీ సామెతకీ తేడా అడుగుతారు. జాతీయం వాక్యంలో ఇమిడిపోయే ముక్క, సామెత తనంతట తాను నిలబడే మాట. "నిండు కుండ తొణకదు" చెప్పేటప్పుడు రెండు నీళ్ళ సీసాలు తీసుకోండి. ఒకటి సగం, ఇంకోటి గాలి లేకుండా అంచుదాకా నింపి మూత బిగించండి. పిల్లల చేతికిచ్చి చెవి దగ్గర ఊపమనండి. సగం సీసా చప్పుడు చేస్తుంది, నిండుది చేయదు. "మన తరగతిలో ఎవరు అన్నీ తెలిసీ నెమ్మదిగా ఉంటారు?" అని అడిగితే వేళ్ళు ఒకే వైపు చూపిస్తాయి. సగం సీసా ఎవరని మాత్రం అడగొద్దు, ఒక పసివాడి మనసు నొచ్చుకుంటుంది.

మీది ఇంగ్లీషు మీడియం బడి అయితే సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, హైపర్‌బొలీ ఆ పీరియడ్‌లో విడిగా వస్తుంటాయి. ఉపమ, రూపకం, మానవీకరణ, అతిశయోక్తి అవే అని ఒకసారి కలిపి చూపించండి, పిల్లలకి సగం బరువు దిగుతుంది. కానీ జాతీయాన్ని మాటకి మాట దించనివ్వొద్దు. ఇంగ్లీషులో వానకి పిల్లులూ కుక్కలూ కురుస్తాయి, మనకి కుండపోతగా కురుస్తుంది. కుండ వంచి పోసినట్టు. అదీ పోలికే కదా అని పిల్లలే గుర్తుపట్టిన రోజు మీకు పండగ.

కొందరు పిల్లలకి, ముఖ్యంగా ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామందికి, మాటని మాటగానే తీసుకోవడం సహజం. వాళ్ళని ఊహించమని నలుగురిలో నిలబెట్టకండి. "ఇలా అంటే అర్థం ఇది" అని నేరుగా చెప్పేసి, వాడే సందర్భాన్ని బొమ్మతో చూపించండి. మెల్లగా వాళ్ళ దగ్గరా ఒక పట్టిక తయారవుతుంది.

పరీక్షకి కొత్త వాక్యాలే ఇవ్వండి, పాఠంలోవి వద్దు. "ఉపమ" అని రాయకుండా "ఇక్కడ జుట్టుని మబ్బుతో పోల్చారు, నల్లగా ఉన్నందుకు" అని రాసిన పిల్లకి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఉపమాలంకారం అని పేరు మాత్రం రాసి ఊరుకున్నవాళ్ళకి సగమే.

రేపే మొదలుపెట్టాలనుకుంటే అమ్మ పిలిచే ముద్దుపేర్లతో మొదలుపెట్టండి, ఎల్లుండి పొడుపు కథలు. నా దగ్గర ఒక పాత నోటుబుక్కులో అరవై దాకా పొడుపులు, ఒక్కోదాని కింద ఏ పోలికలు తీయవచ్చో గుర్తులతో సహా ఉన్నాయి. మీ పిల్లలు ఏ ప్రాంతం వాళ్ళో, ఏ వస్తువులు చూసి ఉంటారో రాస్తే, వాళ్ళకి పనికొచ్చేవి ఏరి ఇక్కడే పెడతాను.